మారే వైర్‌లెస్ పరిస్థితులకు మెషిన్ లెర్నింగ్ మోడళ్ల సర్దుబాటు: నల్లగొండ, పాలమూరు ప్రాంతం

మొబైల్ నెట్‌వర్క్‌లలో సిగ్నల్ నాణ్యత ఎలా ఉంటుంది, టవర్ మీద ఎంత రద్దీ పడుతుంది, ఫోన్‌ను ఒక సెల్ నుంచి మరో సెల్‌కు ఎప్పుడు అప్పగించాలి (హ్యాండోవర్) అన్న అంచనాలకు మెషిన్ లెర్నింగ్ మోడళ్లను వాడుతున్నారు. ఇవి గతంలో సేకరించిన కొలతల నుంచి నేర్చుకుంటాయి. వైర్‌లెస్ పరిస్థితులు మాత్రం నిలకడగా ఉండవు. వాన, చెట్ల ఆకు, జనసంచారం, కొత్త టవర్లు, కొత్త ఫోన్లు వాటిని మారుస్తూనే ఉంటాయి. ఆ మార్పును పసిగట్టి మోడల్‌ను దిద్దడం, వేరే మోడల్‌కు మారడం, అవసరమైతే మోడల్‌ను పక్కనపెట్టి పాత పద్ధతికి వెళ్లడం అనే పనులన్నిటినీ కలిపి మోడల్ సర్దుబాటు అంటారు.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల మెట్టప్రాంతంలో ఈ సమస్య దాదాపు అన్ని రూపాల్లోనూ కనిపిస్తుంది. ఇక్కడి మార్పులు రెండు తీరులుగా ఉంటాయి. కొన్ని కార్తెలను బట్టి, పండుగలను బట్టి, పంటలను బట్టి మళ్లీ మళ్లీ వచ్చేవి. కొన్ని ఒకసారి వచ్చి నిలిచిపోయేవి. మొదటి తీరు మార్పును మోడల్ గుర్తుపెట్టుకోవాలి. రెండో తీరు మార్పు వచ్చినప్పుడు పాత పాఠాన్ని వదిలేయాలి. ఏది ఏ తీరుదో తేల్చడమే సర్దుబాటులోని అసలు కష్టం.

## ప్రాంతం, రేడియో స్వభావం

2016 అక్టోబరు 11 నాటి పునర్వ్యవస్థీకరణతో ఉమ్మడి నల్లగొండ స్థానంలో నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వచ్చాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడగా, 2019లో నారాయణపేట వేరుపడింది. పేర్లు మారినా భూమి ఒకటే. గ్రానైట్ పీఠభూమి, దాని మీద ఎక్కడికక్కడ లేచిన గుట్టలు, గుండ్లు. భువనగిరి ఏకశిల, రాచకొండ, దేవరకొండ గుట్టలు చూపుకు అడ్డం వచ్చినట్టే రేడియో తరంగానికీ అడ్డం వస్తాయి.

అడ్డం ఎంత అన్నది తరంగం పొడవును బట్టి ఉంటుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. అది గుట్ట అంచున కొంత వంగి అవతలి ఊరికి చేరగలదు. 3.5 గిగాహెర్ట్జ్ తరంగం 9 సెంటీమీటర్ల లోపే. గుట్ట వెనుక దాని నీడ చిక్కగా పడుతుంది. అడ్డంకులేవీ లేని చోట కూడా, ఒకే తరహా యాంటెన్నాలతో లెక్కిస్తే, ఈ రెండింటి మధ్య 14 డెసిబెల్స్ తేడా వస్తుంది. అంటే చేరే శక్తి 25వ వంతు. అందుకే రోడ్డు మలుపు తిరగగానే ఫోన్ 5జీ నుంచి 4జీకి జారుతుంది.

ఏటా సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో చెల్కలు, బోర్ల కింది పొలాలు ఒకపక్క, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి ఆయకట్టు మరోపక్క ఉంటాయి. పత్తి, కంది చేలు, నల్లగొండ బత్తాయి తోటలు, దక్షిణాన నల్లమల అడవి దేని పచ్చదనం దానిదే, దేని కాలం దానిదే.

టెలికం లెక్కల్లో మాత్రం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఇప్పటికీ ‘ఆంధ్రప్రదేశ్’ అనే ఒకే లైసెన్స్ సేవాప్రాంతం (సర్కిల్). కృష్ణా డెల్టా, హైదరాబాద్ నగరం, విశాఖ తీరం, అచ్చంపేట అడవి ఒకే సర్కిల్‌లోకి వస్తాయి. సర్కిల్ మొత్తం కొలతలు కలిపి నేర్పిన మోడల్‌లో జనం, ఫోన్లు ఎక్కువున్న చోట్ల మాటే చెల్లుతుంది. ఆ సగటు దేవరకొండ తండాకు సరిపోతుందని ముందుగా అనుకోవడానికి ఆధారం లేదు.

## మార్పుల వేగం

వైర్‌లెస్ పరిస్థితులు ఏకకాలంలో అనేక వేగాలతో మారతాయి.

- మిల్లీసెకన్లు: గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారులోని ఫోన్‌కు 3.5 గిగాహెర్ట్జ్ వద్ద డాప్లర్ మార్పు సుమారు 320 హెర్ట్జ్ దాకా ఉంటుంది. సిగ్నల్ తీరు ఒకేలా నిలిచే వ్యవధి 1.3 మిల్లీసెకన్లు మాత్రమే. 700 మెగాహెర్ట్జ్ వద్ద అది 6 మిల్లీసెకన్లు దాటుతుంది.
- నిమిషాలు, గంటలు: ఉరుముల వాన, టోల్‌ప్లాజా దగ్గర వాహనాల వరుస, కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచే టవర్.
- నెలలు: అడవి ఆకు రాల్చడం, చిగురించడం, చేను ఎదగడం, కోత, జలాశయం నిండడం, ఎండడం.
- ఏళ్లు: కొత్త టవర్, కొత్త బ్యాండ్, కొత్త రోడ్డు, కొత్త కాలువ, జనం చేతిలోని ఫోన్ల తరం.

మిల్లీసెకన్ల మార్పును మోడల్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చి పట్టుకోవడం అసాధ్యం. ఆ పని చానల్ కొలతలకు, వెంటనే వచ్చే ఫీడ్‌బ్యాక్‌కు వదిలేయాలి. ఏళ్ల మార్పును ఫీడ్‌బ్యాక్‌తో నెట్టుకొస్తే వ్యవస్థ నడుస్తుంది కానీ ఎప్పుడూ ఒకవైపు తూగుతూనే ఉంటుంది. నెలల మార్పుకు జ్ఞాపకం కావాలి. ఏ వేగానికి ఏ పద్ధతి అన్న విభజన చేయకుండా అన్నిటికీ ఒకే మోడల్‌కు బాధ్యత అప్పగించినప్పుడే ఎక్కువ వైఫల్యాలు వస్తాయి.

## చరిత్ర

పరిస్థితిని బట్టి తనను తాను దిద్దుకునే వైర్‌లెస్ పరికరం ఆలోచన మెషిన్ లెర్నింగ్ ప్రచారంలోకి రాకముందే ఉంది. 1960లో విడ్రో, హాఫ్ ప్రతిపాదించిన ఎల్‌ఎమ్‌ఎస్ పద్ధతి, తప్పు ఎంత వచ్చిందో చూసి గుణకాలను కొద్దికొద్దిగా సవరిస్తుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో మోడెమ్‌లలోని ఈక్వలైజర్లకు అది ఆధారమైంది. న్యూరల్ నెట్‌వర్క్‌ల పూర్వరూపాల్లో ఒకటైన ఆడలైన్ కూడా ఆ పద్ధతితోనే నేర్చుకుంది. కొత్త కొలత వచ్చినప్పుడల్లా అంచనాను సవరించే కాల్మన్ ఫిల్టర్ కూడా 1960లోనే వెలువడింది.

నేటి నెట్‌వర్క్‌లలో వాడే లింక్ అడాప్టేషన్ ఈ వంశానిదే. ఫోన్ తనకు అందుతున్న సిగ్నల్ నాణ్యతను 0 నుంచి 15 వరకు ఒక సూచికగా పంపుతుంది; దాన్ని బట్టి టవర్ డేటాను ఎంత దట్టంగా కుక్కాలో నిర్ణయిస్తుంది. సూచిక పాతబడిపోయి ఉండవచ్చు కనుక దానిపైన మరో దిద్దుబాటు నడుస్తుంది. ప్యాకెట్ చెడితే అంచనాను ఒక మెట్టు తగ్గిస్తారు, చేరితే అందులో తొమ్మిదో వంతు పెంచుతారు. ఈ నిష్పత్తి వల్ల మొదటి ప్రయత్నంలో చెడిపోయే ప్యాకెట్లు పది శాతం దగ్గర నిలుస్తాయి. ఇందులో న్యూరల్ నెట్‌వర్క్ లేదు, శిక్షణ డేటా లేదు. ఏ కొత్త మోడల్ అయినా ముందు ఈ సాదా పద్ధతిని గెలవాలి.

2017లో ఓషే, హాయ్‌డిస్ ప్రచురించిన వ్యాసం పంపే వైపునూ అందుకునే వైపునూ కలిపి ఒకే న్యూరల్ నెట్‌వర్క్‌గా నేర్పవచ్చని చూపింది. ఆ తర్వాత చానల్ అంచనా, బీమ్ ఎంపిక, రద్దీ అంచనాలకు లోతైన మోడళ్లు విరివిగా వచ్చాయి. వాటితోపాటే, సిమ్యులేషన్‌లో గెలిచిన మోడల్ బయటి గాలిలో తడబడడం అనే సమస్యా ముందుకొచ్చింది.

## మోడల్ ఎందుకు పాతబడుతుంది

నేర్చుకున్న నాటి డేటాకూ నేటి డేటాకూ మధ్య ఏర్పడే ఎడాన్ని డ్రిఫ్ట్ అంటారు. ఇందులో రెండు రకాలు ముఖ్యం. మోడల్‌కు అందే ఇన్‌పుట్లు మాత్రమే మారి, వాటికీ ఫలితానికీ మధ్య సంబంధం మారకపోతే అది ఇన్‌పుట్ డ్రిఫ్ట్. రోడ్డు నాలుగు వరసలై వాహనాల వేగం పెరగడం ఇలాంటిది. అదే ఇన్‌పుట్‌కు ఫలితమే మారిపోతే అది కాన్సెప్ట్ డ్రిఫ్ట్. పక్క ఊళ్లో అదే బ్యాండ్ మీద కొత్త టవర్ వెలిస్తే, ఫోన్‌లో గీతలు ముందున్నట్టే ఉంటాయి, వేగం మాత్రం పడిపోతుంది. సిగ్నల్ బలం నుంచి వేగాన్ని అంచనా వేసే మోడల్ ఇక్కడ దారి తప్పుతుంది. 2014లో గామా, సహరచయితలు ఏసీఎమ్ కంప్యూటింగ్ సర్వేస్‌లో ప్రచురించిన సమీక్ష ఈ రకాలను క్రోడీకరించింది. అకస్మాత్తుగా వచ్చేవి, మెల్లగా వచ్చేవి, తిరిగి తిరిగి వచ్చేవి అన్న విభజన కూడా అందులో ఉంది.

తిరిగి వచ్చే మార్పుకూ తిరిగి రాని మార్పుకూ ఉన్న తేడాను కృష్ణా పుష్కరాలు తేటతెల్లం చేస్తాయి. గత పుష్కరాలు 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. బీచుపల్లి, అలంపురం, నాగార్జునసాగర్, వాడపల్లి, మట్టపల్లి ఘాట్లకు జనం తరలివచ్చారు. పుష్కరాలు ముగిసిన రెండు వారాల్లోపే, సెప్టెంబరు 5న, జియో 4జీ సేవలు మొదలయ్యాయి. డేటా ధరలు, ఫోన్ల రకం, జనం ఫోన్‌తో చేసే పని అన్నీ ఆ తర్వాత మారిపోయాయి. కనుక 2028 పుష్కరాల రద్దీని 2016 నెట్‌వర్క్ కొలతలతో అంచనా వేయలేం. అయితే ఆ కొలతల్లో ఒక భాగం ఇంకా పనికొస్తుంది: ఏ ఘాట్‌కు ఏ వేళ ఎంత జనం వచ్చారు, ఏ దారిన వచ్చారు అన్నది. తిరిగి వచ్చే భాగం జనసంచారం. తిరిగి రానిది ఒక్కో మనిషి వాడే డేటా. ఈ రెండింటినీ విడదీసి నేర్చుకున్న మోడల్ పాత డేటా నుంచి కూడా లాభం పొందుతుంది, కలిపి నేర్చుకున్నది నష్టపోతుంది.

## సర్దుబాటు పద్ధతులు

మార్పును పసిగట్టడం. 1954లో పేజ్ ప్రతిపాదించిన సంచిత మొత్తం పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మోడల్ చేసే తప్పులు మామూలు స్థాయిని ఎంత మించాయో కూడుతూ పోయి, మొత్తం ఒక హద్దు దాటగానే హెచ్చరిస్తుంది. 2007లో బిఫే, గవల్దా రూపొందించిన ఆడ్విన్ పద్ధతి ఇటీవలి కొలతల కిటికీని రెండుగా విడగొట్టి, రెండు ముక్కల సగటులు పొసగకపోతే పాత ముక్కను వదిలేస్తుంది. మార్పు లేనప్పుడు కిటికీ దానంతటదే పెద్దదవుతుంది.

క్రమంగా మరవడం. కొత్త కొలతకు ఎక్కువ తూకం, పాతదానికి తక్కువ తూకం ఇస్తారు. మరపు గుణకం 0.99 అయితే మోడల్ జ్ఞాపకం దాదాపు 100 కొలతల మేరకు ఉంటుంది. గుణకం తగ్గిస్తే మోడల్ చురుకవుతుంది, కానీ ఒక్క వానకే తన పాఠం మార్చేసుకుంటుంది. పెంచితే నిలకడ వస్తుంది, కొత్త టవర్ వచ్చిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

పై పొరల శిక్షణ. హైదరాబాద్ వంటి డేటా దండిగా ఉన్న చోట నేర్పిన నెట్‌వర్క్‌ను తీసుకుని, దాని చివరి పొరలను మాత్రమే స్థానిక కొలతలతో మళ్లీ సవరిస్తారు. కొద్ది డేటాతోనే కొత్త చోటికి అలవాటుపడేలా మోడల్‌ను ముందే సిద్ధం చేసే మెటా లెర్నింగ్ పద్ధతుల్లో ఫిన్, అబీల్, లెవీన్ 2017లో ప్రతిపాదించిన మామ్ల్ ప్రసిద్ధం.

మోడళ్ల నిల్వ. తిరిగి వచ్చే మార్పులకు ఇదే తగిన మార్గం. ఎండాకాలపు అడవికి ఒకటి, వానాకాలపు అడవికి ఒకటి, జాతర రోజులకు ఒకటి సిద్ధంగా ఉంచి, సందర్భాన్ని బట్టి తీస్తారు. సందర్భం తేల్చడానికి తేదీ, తిథి, వర్షపాతం వంటి బయటి సమాచారం తోడ్పడుతుంది. తెలంగాణలో మండలాల్లో నెలకొల్పిన వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాల కొలతలు ఇందుకు అనువైనవి.

పాతది చెరగకుండా నేర్పడం. న్యూరల్ నెట్‌వర్క్‌కు కొత్త పాఠం నేర్పితే పాతది తుడిచిపెట్టుకుపోవచ్చు. 1989లో మక్‌క్లాస్కీ, కోహెన్ గుర్తించిన లోపమిది. 2017లో కిర్క్‌పాట్రిక్, సహరచయితలు చూపిన పరిష్కారంలో, పాత పనికి కీలకమైన గుణకాలను అంతగా కదలకుండా పట్టి ఉంచుతారు. ఏది కీలకమో ఫిషర్ ఇన్ఫర్మేషన్ కొలతతో తేలుస్తారు. ఈ కొలతను సంభావ్యతా విభాజనాల మధ్య దూరంగా 1945లో చూపించినవారు తెలుగు కుటుంబంలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు. అదే వ్యాసంలో ఆయన ఇచ్చిన అవధి, ఇన్ని కొలతలతో ఇంతకన్నా కచ్చితంగా అంచనా వేయలేమని చెప్పే క్రేమర్–రావు అవధి. చానల్ అంచనా, ఫోన్ స్థాన నిర్ణయ పద్ధతులను నేటికీ దానితోనే సరిపోలుస్తారు.

ఫెడరేటెడ్ లెర్నింగ్. ఫోన్‌లోని డేటాను బయటికి పంపకుండా, దాని నుంచి నేర్చిన సవరణలను మాత్రమే కేంద్రానికి పంపి కలుపుతారు. 2017లో గూగుల్ పరిశోధకులు దీనికి బలమైన రూపం ఇచ్చారు. ఊరి ఫోన్ల డేటా, నగరపు ఫోన్ల డేటా ఒకే తీరుగా ఉండవు కనుక అన్నిటినీ సగటు చేస్తే సర్కిల్ మోడల్‌కు వచ్చిన చిక్కే మళ్లీ వస్తుంది. ఒకే స్వభావం ఉన్న టవర్లను గుంపులుగా చేసి, గుంపుకో మోడల్ నేర్పడం దీనికి విరుగుడు.

## స్థానిక ఉదాహరణలు

### పంతంగి టోల్‌ప్లాజా

హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ఉంది. మామూలు రోజున ఇక్కడి సెల్‌లో ఫోన్లు వేగంగా వచ్చి వేగంగా వెళ్లిపోతాయి. సంక్రాంతి ముందు మూడు నాలుగు రోజులు హైదరాబాద్ నుంచి ఆంధ్ర వైపు కార్లు బారులు తీరుతాయి. పండుగ తర్వాత అదే వరుస ఎదురు దిశలో కడుతుంది. ఫోన్ల సంఖ్య పెరుగుతుంది, వేగం నడక స్థాయికి పడిపోతుంది, కార్లలో కూర్చున్నవారు వీడియోలు చూస్తారు. వేగంగా పోయే ఫోన్లకు అనువుగా హ్యాండోవర్‌ను తొందరగా చేయడం నేర్చిన మోడల్, కదలని వరుసలో ఉన్న ఫోన్‌ను రెండు సెల్‌ల మధ్య అటూ ఇటూ తిప్పుతుంది. ఇది ఏటా వచ్చే మార్పు. పండుగ మోడల్‌ను దాచి ఉంచుకుంటే చాలు.

అదే చోట రెండో తీరు మార్పూ జరిగింది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. వాహనం ఆగే సమయం తగ్గింది, వరుస తీరు మారింది. అంతకుముందరి సంక్రాంతుల డేటాను ఆ తర్వాతి వాటితో ఒకే కుప్పలో పోస్తే మోడల్ రెంటికీ చెడుతుంది.

### జాతరలు

కార్తీకంలో కురుమూర్తి జాతర, మాఘంలో మన్యంకొండ బ్రహ్మోత్సవాలు, చెర్వుగట్టు జాతర ఏటా జరుగుతాయి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలోని పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఏడాది డేటాతో నేర్చిన రద్దీ మోడల్‌కు పెద్దగట్టు అనేదే తెలియకపోవచ్చు. పైగా ఈ పండుగలు తిథుల ప్రకారం వస్తాయి కనుక ఇంగ్లిష్ తేదీలు ఏటా మారతాయి. గత ఏడాది ఇదే తేదీన ఏం జరిగిందని చూసే మోడల్ ఒక వారం కన్నా ఎక్కువే ముందో వెనుకో తప్పుతుంది. ఇన్‌పుట్‌లలో పంచాంగపు తిథిని చేర్చడం చవకైన సవరణ, ఫలితం మాత్రం పెద్దది.

### నల్లమల

నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఇది ఆకురాల్చే అడవి. ఎండలు ముదిరే వేళకు టేకు, నల్లమద్ది చెట్లు బోసిపోతాయి. తొలకరితో మళ్లీ కమ్ముకుంటాయి. పచ్చి ఆకు, తడి ఆకు రేడియో శక్తిని పీల్చుకుంటాయి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువగా. మార్చిలో వాహనంలో తిరుగుతూ చేసిన డ్రైవ్ టెస్ట్ కొలతలతో నేర్పిన కవరేజీ మోడల్ ఆగస్టులో ఆశ ఎక్కువ పెట్టుకుంటుంది. మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే రోడ్డులో రాత్రిపూట వాహనాలను అనుమతించరు కనుక అక్కడి రద్దీ గీత మిగతా రహదారుల గీతకు పోలదు. ఈ రెండూ తెలిసిన మార్పులే. మోడల్‌కు ముందే చెప్పవచ్చు.

నల్లమలలోని చెంచుల ఆవాసాలైన పెంటలది వేరే సంగతి. మొబైల్ సేవ లేని గ్రామాలకు 4జీ అందించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జులై 27న ఆమోదం తెలిపింది. దేశం మొత్తం మీద 24,680 గ్రామాలు, రూ. 26,316 కోట్లు. ఇలా మొదటిసారి టవర్ వచ్చిన చోట స్థానిక చరిత్ర ఉండదు. అక్కడ భూరూపమే తొలి పాఠం. కార్టోశాట్-1 ఉపగ్రహ చిత్రాల నుంచి తయారైన ఎత్తుల పటాన్ని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అందిస్తోంది. దాని మీద తరంగాల దారులను కంప్యూటర్‌లో లెక్కగట్టి తొలి మోడల్‌ను నేర్పి, సేవ మొదలయ్యాక వచ్చే అసలు కొలతలతో దిద్దవచ్చు.

### వాన, జలాశయం, మైక్రోవేవ్ లింకులు

ఫైబర్ చేరని టవర్లు గుట్టల మీది యాంటెన్నాల ద్వారా మైక్రోవేవ్ లింకులతో నెట్‌వర్క్‌కు కలుస్తాయి. గంటకు 50 మిల్లీమీటర్ల తీవ్రతతో కురిసే వానలో 18 గిగాహెర్ట్జ్ తరంగం కిలోమీటరుకు 5 డెసిబెల్స్ దాకా, 80 గిగాహెర్ట్జ్ తరంగం దాదాపు 19 డెసిబెల్స్ నష్టపోతుంది. ఫోన్ వాడే 700 మెగాహెర్ట్జ్ తరంగానికి ఆ వాన లెక్కలోదే కాదు. అందువల్ల ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి, ఇంటర్నెట్ మాత్రం కదలదు. రేడియో కొలతలనే చూసే మోడల్‌కు కారణం అంతుపట్టదు. లింకు స్థితిని కూడా ఇన్‌పుట్‌గా ఇస్తే ఈ కాన్సెప్ట్ డ్రిఫ్ట్ మాయమవుతుంది. డ్రిఫ్ట్ అని పేరు పెట్టినదానిలో చాలా భాగం మోడల్‌కు చూపించని ఇన్‌పుటే.

ఇదే నష్టాన్ని తిరగేసి వానను కొలవవచ్చని మెస్సెర్, సహరచయితలు 2006లో సైన్స్ పత్రికలో చూపారు. ఒక మండలంలో కురిసి పక్క మండలంలో కురవని మెట్టప్రాంతానికి ఇది అక్కరకొచ్చే పద్ధతి.

జలాశయాల మీదుగా పోయే లింకులకు మరో చిక్కుంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలంలో అది 510 అడుగుల దిక్కుగా దిగుతుంది. 80 అడుగులంటే 24 మీటర్లు. రెండు చివరలూ నిండు నీటికి 60 మీటర్ల ఎత్తున ఉండే 10 కిలోమీటర్ల లింకును లెక్కకు తీసుకుంటే, నీటిని తాకి వచ్చే తరంగం నేరు తరంగం కన్నా 72 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. నీరు దిగితే ఆ తేడా 1.4 మీటర్లకు చేరుతుంది. 18 గిగాహెర్ట్జ్ వద్ద తరంగం పొడవు 1.7 సెంటీమీటర్లే కనుక, ఈ మధ్యలో సిగ్నల్ అనేకసార్లు పుంజుకుని కుంగుతుంది. నీటిమట్టం రోజూ ప్రకటించే సంఖ్యే. మోడల్‌కు అది ఒక ఇన్‌పుట్ కావచ్చు.

### బోరు మోటారు స్టార్టర్

సిమ్‌తో పనిచేసే మొబైల్ స్టార్టర్లను బోరుబావుల దగ్గర బిగిస్తారు. రైతు ఇంటి నుంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది. పెట్టె నేలకు తక్కువ ఎత్తులో, తరచు సెల్ అంచున ఉంటుంది. చుట్టూ కంది చేను మనిషెత్తు ఎదిగితే సిగ్నల్ కుంగుతుంది, కోత అయ్యాక తేరుకుంటుంది. ఇది ఏటా వచ్చే మార్పు. వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలవడం తిరిగి రాని మార్పు. సరఫరా వేళలను కాచుకుని మోటారు వేసే అవసరం పోవడంతో, ఆ వేళల చుట్టూ గుమిగూడే కాల్స్‌ను నేర్చిన ఏ మోడల్‌కైనా పాత గంటల లెక్క పనికిరాకుండా పోతుంది.

## ప్రమాణాలు, సంస్థలు

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 3జీపీపీ 5జీ కోర్‌లో డేటా విశ్లేషణకు ప్రత్యేక భాగాన్ని 15వ విడుదలలో చేర్చింది. 17వ విడుదలలో మోడల్‌కు శిక్షణ ఇచ్చే భాగాన్నీ, దాన్ని వాడి విశ్లేషించే భాగాన్నీ వేరుచేసింది. 18వ విడుదలలోని అధ్యయనం చానల్ సమాచారం, బీమ్ నిర్వహణ, స్థాన నిర్ణయం అనే మూడు పనులకు మోడళ్ల వాడకాన్ని పరిశీలించింది. మోడల్ పనితీరును కనిపెట్టుకుని ఉండడం, మార్చడం, ఆపడం, పాత పద్ధతికి తిరిగి వెళ్లడం అన్నవి మోడల్ జీవితచక్రంలో భాగాలని అది గుర్తించింది.

టవర్ వైపు రేడియో నెట్‌వర్క్‌కు ప్రమాణాలు రూపొందించడానికి 2018లో ఏర్పడిన ఓ-రాన్ అలయన్స్ నిర్మాణంలో వేగాల విభజన స్పష్టంగా ఉంది. ఒక సెకను కన్నా నెమ్మదైన నిర్ణయాలకు, శిక్షణకు ఒక నియంత్రికను, 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను వరకు పట్టే నిర్ణయాలకు మరో నియంత్రికను కేటాయించారు. అంతకన్నా వేగమైనవి టవర్‌లోనే జరుగుతాయి.

2008లో స్థాపితమైన ఐఐటీ హైదరాబాద్, దేశీయ 5జీ టెస్ట్‌బెడ్‌ను నిర్మించిన ఎనిమిది సంస్థల్లో ఒకటి. ఆ టెస్ట్‌బెడ్ 2022 మే 17న ప్రారంభమైంది. పల్లెల దూరాలను ప్రమాణాల్లోకి ఎక్కించిన ప్రయత్నం కూడా భారత్ నుంచే వెళ్లింది. అంతర్జాతీయ టెలికం సంఘం (ఐటీయూ) 5జీ మూల్యాంకనంలో మిగతా గ్రామీణ నమూనాలు టవర్ల మధ్య 1,732 మీటర్ల దూరం తీసుకుంటే, భారత్ కోరికతో చేరిన నమూనా 6 కిలోమీటర్లు తీసుకుంటుంది. ఆ అవసరానికి రూపొందిన 5జీఐ ప్రమాణానికి 2021లో ఐటీయూ గుర్తింపు లభించింది. తర్వాత అది 3జీపీపీ 17వ విడుదలలో కలిసింది. మోడల్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. 1.7 కిలోమీటర్ల ఎడం ఊహించుకుని చేసిన సిమ్యులేషన్‌లో నేర్చినది 6 కిలోమీటర్ల ఎడం ఉన్న చోట మొదటి రోజు నుంచే డ్రిఫ్ట్‌లో ఉంటుంది.

దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. టెలికం రంగంలో కృత్రిమ మేధ వాడకంపై టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 జులైలో సిఫార్సులు వెలువరించింది.

## మూల్యాంకనం, పరిమితులు

మారే పరిస్థితుల్లో మోడల్‌ను పరీక్షించడానికి డేటాను కలగలిపి పంచడం తప్పుదారి పట్టిస్తుంది. ఆగస్టు కొలతలు కొన్ని శిక్షణలోనూ కొన్ని పరీక్షలోనూ ఉంటే మోడల్ వానాకాలాన్ని ముందే చూసేసినట్టు. శిక్షణ ముందరి కాలంతో, పరీక్ష తర్వాతి కాలంతో జరగాలి. చోటు విషయంలోనూ అంతే: జడ్చర్లలో నేర్చినదాన్ని అమ్రాబాద్‌లో పరీక్షించాలి.

సర్దుబాటుకూ ఖర్చు ఉంటుంది. మళ్లీ శిక్షణకు కరెంటు, కంప్యూటర్, లింకు సామర్థ్యం కావాలి. బ్యాటరీ మీద నడుస్తున్న టవర్‌కు అది భారం. కొత్త నిర్ణయాలను ప్రయోగించి చూసే రీఇన్‌ఫోర్స్‌మెంట్ పద్ధతుల్లో ఆ ప్రయోగం నడుస్తున్న కాల్స్ మీదే జరుగుతుంది. అందుకే హద్దులు ముందే గీసి, హద్దు దాటగానే సాదా పద్ధతికి మళ్లే ఏర్పాటు ఉంచుతారు. ఫోన్ స్థాన సమాచారం వ్యక్తిగత డేటా కనుక దాని సేకరణ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది.

డేటా అసమానత మరో పరిమితి. టవర్లు, స్మార్ట్‌ఫోన్లు ఉన్న చోట కొలతలు వస్తాయి. లేని చోట రావు. తండా నుంచి, పెంట నుంచి కొలతలు తక్కువ వస్తే మోడల్ అక్కడ అవసరమే తక్కువని తేల్చవచ్చు. ఆ అంచనా ప్రకారం సామర్థ్యం తగ్గిస్తే వాడకం ఇంకా తగ్గి, అంచనా నిజమైనట్టు కనిపిస్తుంది. సగటు తప్పును మాత్రమే చూసే సంస్థకు ఇది ఎప్పటికీ బయటపడదు. సెల్ అంచున ఉన్నవారి అనుభవాన్ని కొలవడానికి ఐటీయూ, 3జీపీపీలు అట్టడుగు 5 శాతం వినియోగదారుల వేగాన్ని వేరుగా లెక్కిస్తాయి. మోడల్ సర్దుబాటునూ అదే కొలతతో, మండలాల వారీగా, కాలాల వారీగా చూసినప్పుడు మాత్రమే అది మెట్టప్రాంతానికి పనికొచ్చిందో లేదో తెలుస్తుంది.